మేకకు గొఱ్ఱె కొలత చాలదు
(నట్టల మందును గూర్చి పశుపాలకులకు ఒక పాఠము)

తొలకరి చినుకులు పడి బీళ్లపై పచ్చిక లేచినంతనే, మన సభ్యులలో మందలు గలవారందఱును నట్టల మందు కొఱకు సంఘ కార్యాలయమునకు వచ్చుట యేటేట జరుగుచున్నదే. మందు కొనుట, త్రాగించుట, చేతులు కడిగికొనుట. ఇంతటితో పని ముగిసినదని తలంచుచున్నాము. కాని నెల తిరుగకమునుపే కొందఱు మరల వచ్చి, “అయ్యా, మందు త్రాగించితిమి. అయినను జీవములు పాలిపోవుచున్నవి, దవడక్రింద నీరు దిగుచున్నది. ఈ మందు కల్తీది కాదుగదా?” యని యడుగుచుందురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

మేమును ఒకప్పుడు ఇట్లే యడిగినవారమే. ఒక యేటి వానకాలమున మా గొఱ్ఱెలను మేకలను ఒకే దొడ్డిలో నిలిపి, ఒకే సీసాలోని మందును ఒకే కొలతతో త్రాగించితిమి. గొఱ్ఱెలు తేఱుకొన్నవి. మేకలు తేఱుకొనలేదు, నెల లోపల మూడు మేకలు చచ్చినవి. మందమ్మిన వర్తకుని నిందించితిమి. అతని దోష మేమియు లేదని చాలకాలమునకు, ఆస్ట్రేలియా దేశపు పశువైద్య శాస్త్రజ్ఞుల పరిశోధనలను గూర్చి చదివిన పిమ్మట, మాకు తెలిసినది. మందు మంచిదే, మా కొలతయే తప్పు. ఆ తప్పు మన సభ్యులలో మఱియొకరు చేయకుండుటకు మాకు తెలిసినంతవఱకు ఇచ్చట విన్నవించుచున్నాము.

శత్రు వెవరు?

గొఱ్ఱెల మేకల పొట్టలలో కార్జపు జలగలు, బద్దె పురుగులు, గుండ్రని పురుగులు మున్నగు పలు తెగల నట్టలు గలవు. వీనిలో వెచ్చని వానకాలపు దేశములందు మిక్కిలి ప్రాణనష్టము కలిగించునది హీమాంకస్ కంటోర్టస్ అను సన్నని గుండ్రని పురుగు. ఇది జీవము యొక్క నాల్గవ కడుపులో నివసించి రక్తము పీల్చును. ఆడు పురుగు రెండు మూడు సెంటీమీటర్ల పొడవుండును. రక్తముతో నిండిన దాని ప్రేగు చుట్టును తెల్లని అండకోశము మెలిపడి యుండుటచే, ఎఱుపు తెలుపు నూళ్లతో పురిపెట్టిన దారమువలె కనబడును.

ఒక్కొక్క పురుగు వలన దినమునకు మిల్లీలీటరులో ఇరువదియవ వంతు రక్తము నష్టమగునని లెక్క. ఇది చూచుటకు స్వల్పమే. కాని అయిదువేల పురుగులున్న గొఱ్ఱెకు దినమునకు పావు లీటరు రక్తము పోవును. పాతిక కిలోల గొఱ్ఱె దేహమున ఉండు రక్తమే సుమారు ఒకటిన్నర లీటరు. ఇక అది యెన్నిదినములు బ్రతుకగలదో సభ్యులే లెక్క వేసికొనవచ్చును. ఒక్క ఆడు పురుగు దినమునకు అయిదువేలు మొదలు పదివేల వఱకు గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు పెంటికలతో నేలబడి, తేమయు వెచ్చదనమును తగినంత యున్నచో వారము పదిదినములలో గడ్డి పరకల మీదికి ప్రాకు పిల్లపురుగు లగును. వానిని మేసిన జీవము కడుపులో మూడు వారములకు మరల గ్రుడ్లు పెట్టు పురుగులు సిద్ధము.

మందులు వచ్చుట, ఓడుట

ఈ శత్రువుపై మానవుడు పలుమార్లు గెలిచి పలుమార్లు ఓడినాడు. 1930 దశకము చివర ఫినోథయజైన్ అను మందు వాడుకలోనికి వచ్చినది. దానికి లొంగని హీమాంకస్ పురుగులు అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున నున్నవని 1957లో తెలిసినది. 1961లో థయబెండజోల్ వచ్చినది. మూడేండ్లు తిరుగకమునుపే, 1964లో, దానికిని లొంగని పురుగులు ప్రకటింపబడినవి. ఈ మందు వంశములోనివే నేడు మనము వాడుచున్న ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్, ఆక్స్‌ఫెండజోల్ మున్నగునవి. వీని కన్నిటికిని బెంజిమిడజోల్ మందులని పేరు. తరువాత 1981లో ఐవర్‌మెక్టిన్ పశువులకు వచ్చినది. దాని పుట్టుకకు మూలపురుషులైన సతోషి ఒమురా, విలియం క్యాంబెల్ అను వారికి 2015లో నోబెల్ బహుమాన మీయబడినది. అంతటి మందునకును లొంగని పురుగులు 1980 దశకము ముగియకమునుపే దక్షిణాఫ్రికా గొఱ్ఱెలలో కనబడినవి. మన భారతదేశమున ఫినోథయజైన్, థయబెండజోల్ మందులకు లొంగని హీమాంకస్ పురుగులను గూర్చి 1976లోనే వ్రాయబడినది.

క్రొత్త మందు పుట్టుటకు ఏండ్లు పట్టును, కోట్లు వ్యయమగును. పురుగు దానిని జయించుటకు మూడేండ్లు చాలును. కావున ఉన్న మందును చెడగొట్టుకొనకుండ వాడుకొనుట యెట్లు? ఈ ప్రశ్నను చేపట్టినవారిలో సిడ్నీ నగరపు శాస్త్రజ్ఞులు ముఖ్యులు.

సిడ్నీ ప్రయోగశాల

ఆస్ట్రేలియా ఉన్నికి పేరుగన్న దేశము. అచ్చటి గొఱ్ఱెల వ్యాధులను పరిశోధించుటకై, మెక్‌మాస్టర్ అను పెద్ద గొఱ్ఱెల కాపు చేసిన ధనసహాయముతో 1931లో సిడ్నీ విశ్వవిద్యాలయపు ఆవరణమున ఒక ప్రయోగశాల వెలసినది. దాత పేరే దానికి పెట్టిరి. అచ్చటి గార్డన్, విట్లాక్ అను నిరువురు 1939లో పెంటికలలోని గ్రుడ్లను లెక్కించు సులభమార్గమును ప్రకటించిరి. పెంటికలను ఉప్పు దట్టముగా కరగిన నీటిలో కలిపి, గళ్లు గీచిన గాజుపలకలో పోసినచో, గ్రుడ్లు పైకి తేలును. సూక్ష్మదర్శినితో వానిని లెక్కించి, ఒక గ్రాము పెంటికలకు ఎన్ని గ్రుడ్లో చెప్పవచ్చును. నేటికిని ప్రపంచమందలి పశువైద్యశాలలలో ఆ పలకకు మెక్‌మాస్టర్ పలక యనియే పేరు.

ఈ ప్రయోగశాలలోనే తరువాతి తరమున ప్రిచర్డ్, హెన్నెసీ, స్టీల్ అను శాస్త్రజ్ఞులు పనిచేసిరి. వీరిలో ప్రిచర్డ్ పిమ్మట కెనడా దేశపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమునకు వెడలెను. అంతవఱకు అందఱును అడుగుచుండిన ప్రశ్న “మందు పురుగు నేమి చేయును?” అనునది. వీరు దానితో పాటు “దేహము మందు నేమి చేయును?” అని యడిగిరి. మన పాఠమంతయు ఈ రెండవ ప్రశ్నలోనే యున్నది.

మందు చేయు ప్రయాణము

ఆల్బెండజోల్ వంటి మందు పురుగును ఒక్క దెబ్బతో చంపునది కాదు. పురుగు కణములలో సన్నని గొట్టములవంటి నిర్మాణములు గలవు. ఆహారము ఇటునుండి అటు చేరుట వీని ద్వారముననే. ఈ గొట్టములు ట్యూబ్యులిన్ అను మాంసకృత్తుతో కట్టబడును. మందు ఆ ట్యూబ్యులిన్‌ను పట్టుకొని గొట్టము కట్టబడకుండ చేయును. పురుగు ఆకలితో మాడి చచ్చును. ఆకలిచావునకు కాలము కావలెను. కావున మందు ఎంత పోసితిమి అనుటకంటె, ఎంతసేపు పురుగు చుట్టును నిలిచినది అనునదే ప్రధానము. 1978లో ప్రిచర్డ్, హెన్నెసీ, స్టీల్ గార్లు ప్రకటించిన వ్యాసము యొక్క సారాంశమిదియే: మందు పురుగును అంటియుండు కాలమును పొడిగించినచో మందు బలము పెరుగును.

ఆ కాలమును నిర్ణయించునవి దేహమున రెండు గలవు: పెద్దకడుపు, కాలేయము.

పెద్దకడుపు నెమరువేయు జీవమునకు గాదెవంటిది. ఈ మందులు నీటిలో చక్కగా కరగవు. కావున త్రాగించిన మందు పెద్దకడుపులోని మేత తునుకలకు అంటుకొని, మేతతోపాటు కొంచెము కొంచెముగా క్రిందికి దిగును. గాదె నిండుగ నుండి మెల్లగా ఖాళీ అయినచో మందు రెండు మూడు దినములు అందుచుండును. గాదె త్వరగా ఖాళీ అయినచో మందును త్వరగా వెడలిపోవును.

రక్తమున చేరిన మందును కాలేయము పట్టుకొనును. అన్యపదార్థమును మార్చి బయటికి పంపుట కాలేయపు ధర్మము. ఆల్బెండజోల్‌కు అది మొదట ఒక పాలు ప్రాణవాయువును చేర్చి సల్ఫాక్సైడ్ అను రూపమునకు మార్చును. ఈ రూపమునకు పురుగును చంపు శక్తి గలదు. తరువాత మఱియొక పాలు చేర్చి సల్ఫోన్ అను రూపమునకు మార్చును. ఈ రూపమునకు ఆ శక్తి లేదు. కావున మొదటి రూపమునుండి రెండవ రూపమునకు మారుటలో ఆలస్యమెంతయో మనకు లాభమంత.

మేకకును గొఱ్ఱెకును గల భేదము

1993లో హెన్నెసీ, సాంగ్‌స్టర్, స్టీల్, కాలిన్స్ అను వారు ఆల్బెండజోల్‌ను గొఱ్ఱెలకును మేకలకును ఇచ్చి, రక్తమున దాని నడకను పోల్చిచూచిరి. బరువునుబట్టి సమానముగా మందిచ్చినను మేకల రక్తమున పనిచేయు రూపము తక్కువగా కనబడినది, త్వరగా తగ్గినది. ఇతర మందులపై ఇతర దేశములలో జరిగిన పరిశోధనలును ఇట్టి భేదమునే తెలిపినవి. మేక కాలేయము గొఱ్ఱె కాలేయముకంటె చుఱుకైనది.

దీనికి కారణము మేక మేతలోనే యున్నదని పలువురి యభిప్రాయము. గొఱ్ఱె తల వంచుకొని నేలబారు గడ్డిని కొఱుకును. మేక మెడ చాచి, కాళ్లెత్తి, తుమ్మ, రేగు, వేప మొదలగు చెట్ల ఆకులను చిగుళ్లను మేయును. చెట్ల ఆకులలో వగరు, చేదు, విషము హెచ్చు. తరతరములుగ వానిని జీర్ణించుకొనుటకు అలవడిన కాలేయము మన మందును గూడ మఱియొక చేదాకువలె చూచి త్వరగా వెడలగొట్టుచున్నది.

చూడుడు, చెట్లయాకు మేసినంతకాలము మేకకు ఈ గుణము మేలే చేయుచుండెను. నేలబారు గడ్డిపై ప్రాకు పురుగులు దాని నోటికి అంతగా అందవు. కాని మనము దానిని గొఱ్ఱెల మందలో కలిపి, బీటిలో గడ్డిపై తోలుచున్నాము. అప్పుడు పురుగులును హెచ్చుగ చేరును, మందును తక్కువగ నిలుచును. మా మూడు మేకలు చచ్చుటకు కారణమిది.

నేడు అనేక దేశముల పశువైద్యులు బెంజిమిడజోల్ మందులను మేకకు గొఱ్ఱె మోతాదునకు రెట్టింపుగ ఇయ్యవలెనని చెప్పుచున్నారు. ఉదాహరణమునకు, ఆల్బెండజోల్ గొఱ్ఱెకు కిలో బరువునకు 5 మిల్లీగ్రాములు. మిల్లీలీటరునకు 25 మిల్లీగ్రాముల మందు గల సీసానుండి పాతిక కిలోల గొఱ్ఱెకు 5 మిల్లీలీటర్లు చాలును. అదే బరువు గల మేకకు 10 మిల్లీలీటర్లు కావలసియుండును.

కాని సభ్యు లొకటి మఱువరాదు. ఈ రెట్టింపు లెక్క అన్ని మందులకును చెల్లదు. లెవమిసోల్ అను మందునకు మేలుచేయు కొలతకును కీడుచేయు కొలతకును ఎడము చాల తక్కువ. రెట్టింపు పోసినచో మేకకు ప్రాణాపాయము కలుగవచ్చును. క్లోసాంటెల్ మితిమీరినచో జీవములు గ్రుడ్డివగును. కావున ఏ మందునకు ఏ కొలతయో పశువైద్యుని అడిగియే నిశ్చయింపవలెను.

మేత తగ్గించిన మందు నిలుచును

1995లో అలీ, హెన్నెసీ గార్లు ఆక్స్‌ఫెండజోల్ మందుపై మఱియొక విషయము కనుగొనిరి. మేత తగ్గించిన గొఱ్ఱెలలో పెద్దకడుపునుండి మేత మెల్లగ దిగును. అందుచే మందు రక్తమున హెచ్చుకాలము నిలుచును. మందునకు లొంగని పురుగులపై గూడ దాని బలము పెరుగును. 1996లో ఐవర్‌మెక్టిన్ విషయమునను వారు మేతకును మందునకును ఇట్టి సంబంధమునే చూపిరి.

మన యాచారము దీనికి సరిగా వ్యతిరేకము. జీవములను ఉదయమంతయు లేతపచ్చికపై మేపి, కడుపునిండిన పిదప తీరికగా మందు త్రాగించుచున్నాము. లేతపచ్చిక కడుపులో నిలువదు, వెంటనే జారిపోవును. దానితో మందును జారిపోవును. పైసా ఖర్చులేకయే మందు బలమును పెంచు ఉపాయ మొకటి యున్నదన్నచో, అది ముందునాటి సాయంకాలమునుండి మేత మాన్పించుటయే.

తక్కువ కొలత యెవరికి మేలు?

చాలనికొలత పోసినచో మందు కొంత వ్యర్థమగునేగాని కీడేమున్నదని కొందఱందురు. కీడు చాల యున్నది. ఒక కడుపులోని వేల పురుగులలో పుట్టుకతోనే కొన్ని మందునకు కొంచెము గట్టివిగ నుండును. వాని ట్యూబ్యులిన్ మాంసకృత్తులో 200వ స్థానమున ఒక్క అంశము మారియుండుటయే దీనికి ముఖ్యకారణమని 1994లో తేలినది. నిండుకొలత పోసినచో తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే యీ గుణము పొందిన సగముగట్టి పురుగులును చచ్చును. తక్కువకొలత పోసినచో మెత్తనివి మాత్రమే చచ్చి గట్టివి మిగులును. మిగిలినవి తమలో తాము జతగూడి దినమునకు వేలకొలది గ్రుడ్లు పెట్టి బీడంతయు తమ సంతానముతో నింపును. మంచి వరికి విత్తనము దాచినట్లు మనము గట్టి పురుగునకు విత్తనము దాచుచున్నాము.

ఈ పనికి మేకయే మార్గమగుచున్నది. గొఱ్ఱె కొలత త్రాగిన మేక కడుపున గట్టిపురుగులు తయారగును. అదే బీటిపై మేయు గొఱ్ఱెలకు అవి యంటుకొనును. అప్పుడు గొఱ్ఱెకు సరియైన కొలత పోసినను పనిచేయదు. 2019వ సంవత్సరపు పశుగణనలో తెలంగాణమున సుమారు 1.91 కోట్లు, ఆంధ్రప్రదేశమున సుమారు 1.76 కోట్లు గొఱ్ఱెలు లెక్కకు వచ్చినవి. దేశమున మొదటి రెండు స్థానములు మనవే. ఉమ్మడి బీళ్లపై మేకలతో కలిసి మేయు ఇంతటి సొత్తు సీసాపైనున్న చిన్నగీటును మనము గమనించుట గమనింపకపోవుటపై ఆధారపడియున్నదన్నచో అతిశయోక్తి కాదు.

సభ్యులు పాటింపవలసిన నియమములు

1. మందు త్రాగించుదినమున మేకలను గొఱ్ఱెలను వేఱువేఱు దొడ్లలో నిలుపుడు. రెండింటికి రెండు కొలతలు పశువైద్యునిచే వ్రాయించుకొనుడు.

2. కంటిచూపుతో బరువు కట్టకుడు. ముప్పది కిలోల పొట్టేలును ఇరువది యని తలంచినచో దానికి కావలసిన మందులో మూడింట రెండుపాళ్లే యిచ్చినవార మగుదుము. తూచుటకు వీలులేనిచో, ఒక యీడు జీవములలో అన్నిటికంటె బరువైనదానిని తూచి ఆ లెక్కనే గుంపునకు పోయుడు. సగటు లెక్క పనికిరాదు. పైన చెప్పిన ఎడము తక్కువగల మందుల విషయమున మాత్రము ప్రతిజీవమును తూచియే పోయవలెను.

3. బెంజిమిడజోల్, ఐవర్‌మెక్టిన్ మందులకు ముందునాటి సాయంకాలమునుండి మేత మాన్పి నీరు మాత్రమే యిండు. మందు పిదపను కొన్నిగంటలు మేతకు విడువకుడు. నిండుచూలువానిని, మిక్కిలి నీరసించినవానిని, పాలుగుడుచు పిల్లలను పస్తుంచరాదు.

4. మందును నాలుక మొదటిపై మెల్లగ విడువుడు. నోటిముందు పోసినచో మందు పెద్దకడుపును తప్పించుకొని నేరుగ క్రిందికి జారవచ్చును. గాదెలో చేరని గింజవలె అది నిలువదు. తల మిక్కిలి పైకెత్తి గుటుక్కున పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాదము గలదు.

5. చూలుకట్టిన మొదటినెలలో ఆల్బెండజోల్ ఇయ్యకుడు. పిండమునకు కీడు కలుగును.

6. మందు పనిచేసినదో లేదో చూచుకొనుడు. త్రాగించు దినమున కొన్ని జీవముల పెంటికలను, పది పదునాలుగు దినముల పిమ్మట మరల వాని పెంటికలనే, పశువైద్యశాలకు పంపి గ్రుడ్లు లెక్కింపించుడు. గ్రామునకు వేయి గ్రుడ్లున్నచోట ఏబదికి మించి మిగిలినచో కొలతయైన తప్పియుండవలెను, పురుగైన గట్టిపడియుండవలెను.

7. మందనంతటిని ప్రతిమాసము త్రాగింపకుడు. క్రిందిఱెప్పను దించి లోపలి రంగు చూడుడు. ఎఱ్ఱగానున్నదానికి మందక్కఱలేదు, పాలిపోయినదానికి తప్పక యిండు. దక్షిణాఫ్రికాకు చెందిన మలాన్ అను పశువైద్యుడు మొదట తలపెట్టిన యీ పద్ధతిని బాత్, వాన్ వైక్ అను శాస్త్రజ్ఞులతో కలిసి అయిదు రంగుల పటముగ రూపొందించిరి. దీనిని ఫమాచా అందురు. మందుపడని జీవములలో మెత్తని పురుగులు మిగిలి గట్టివానితో జతగూడి వాని బలమును పలుచన చేయును.

8. మందిచ్చిన జీవము పాలను, మాంసమును సీసాపై వ్రాసిన గడువు తీఱువఱకు అమ్మకుడు. కాలేయము మందును పూర్తిగా వెడలగొట్టుటకు ఆ గడువు కావలెను.

ముగింపు

ఈ నియమములలో కొన్ని ఒంటరికాపునకు కష్టమే. ఒక్కొక్కరు తూనిక కొనలేరు. ఒక్కరు జాగ్రత్తపడి పొరుగువారు పడనిచో ఉమ్మడిబీటిపై ఫలము లేదు. ఇట్టి పనులకే గదా మనము సంఘముగ నేర్పడినది. నలుగురు కలిసి ఒక తూనికను కొని, ఒకేదినమున తూచి, ఒకేదినమున త్రాగించి, పెంటికలను ఒకేసారి వైద్యశాలకు పంపినచో ఖర్చు తగ్గును, ఫలము పెరుగును. ఈ తూనికవిషయము వచ్చు సభలో చర్చకు పెట్టవలసినదిగ కార్యవర్గమును కోరుచున్నాము.

మందు సంపాదించుట శాస్త్రజ్ఞుల పని. దానిని నిలుపుకొనుట మనపని. ఈ తొలకరికి మందు సీసా మూత తీయకమునుపు, ఎదుట నిలిచినది మేకయా గొఱ్ఱెయా, దాని బరువెంత, రాత్రి మేత మానినదా యని మూడు ప్రశ్నలు వేసికొనుడు. మేము వేసికొనని ఆ ప్రశ్నలకు మా దొడ్డిలో మూడు మేకలు వెల చెల్లించినవి. మీ దొడ్లలో అట్టి వెల చెల్లింపవలసిన యవసరము లేకుండుగాక!